మానెడు పచ్చజొన్నలు

(2024 శ్రావణంలో కొల్లూరులో మన సంఘం జరుపుకున్న తీజ్ వేడుకలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టు కాక, చదువుకోవడానికి వీలుగా అక్కడక్కడ సరిచేసి ఇచ్చాను.)



నాకు ఇచ్చిన అంశం "గిరిజన సంస్కృతి, యువత పాత్ర". ఈ అంశం మీద నేను ఇరవై ఏళ్లుగా హాస్టల్ ఫంక్షన్లలో పిల్లల చేత వ్యాసాలు రాయిస్తున్నాను. అందరూ ఒకే వ్యాసం రాస్తారు. నేనూ అదే చెబితే మీకూ నిద్ర, నాకూ నిద్ర. అందుకే ఒక్క రోజు సంగతి చెబుతాను. 2023 ఫిబ్రవరిలో మా ఇంటిల్లిపాదీ జహీరాబాద్ దగ్గర పాత పంటల జాతరకు పోయి వచ్చిన రోజు. ఆ జాతర చూసినవాళ్లు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తండి. ముగ్గురు. మేడారం చూసినవాళ్లు? చూశారా, ఇప్పుడు దాదాపు అందరూ ఎత్తారు.

మా ఇంటి పరిస్థితి ముందు చెప్పాలి. మాది జహీరాబాద్ అవతలి తాండా. నాకు ఉద్యోగం ఇటు రావడంతో, మా ఆయనకు పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పని దొరకడంతో కొల్లూరులో ఉంటున్నాం. మా యాడి తాండాలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. ఆ చలికాలం కంటి ఆపరేషన్ కోసం రెండు నెలలు మా ఇంటికి వచ్చింది. రోజూ పొద్దున బయట కుర్చీ వేసుకుని, ఔటర్ రింగ్ రోడ్డు మీద పోయే బండ్లను, అప్పుడే పూర్తవుతున్న డబుల్ బెడ్రూం బ్లాకులను చూసేది. 15,660 ఇళ్లు అని మా బాబు లెక్క చెబితే, "ఇంతమందికి ఇత్తు ఏడ వేస్తరు?" అని అడిగింది. వాడికి అర్థం కాలేదు. నాకూ అప్పుడు నవ్వే వచ్చింది.

తాండాలో యాడి పేరున రెండెకరాల చెలక ఉంది. రోడ్డుకు దగ్గర. ప్లాట్లు చేసేవాళ్లు అడుగుతున్నారు. తమ్ముడికి పత్తి అప్పులున్నాయి. మా బిడ్డ అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, నర్సింగ్ చదువుతానంటోంది, ఫీజుల మాట మీకు చెప్పక్కర్లేదు. తమ్ముడూ నేనూ ఫోన్లో మాట్లాడుకున్నాం. అమ్మేద్దాం అనుకున్నాం. యాడి ఒక్కతే అవుననలేదు, కాదనలేదు. వేలిముద్ర మాట ఎత్తగానే కంట్లో చుక్కలు వేయమనేది.

ఆపరేషన్ అయి చూపు కుదురుకున్నాక తాండాకు దింపి రావాలి. అక్కడ బయానా మాటలు. అప్పుడు యాడి ఒక కోరిక కోరింది. "తోవల మాచునూరు జాతర ఉన్నది. అది చూపిచ్చి తోలుకపో." రేడియోలో చెప్పారంట. మాచునూరు నుంచి సంఘం రేడియో వస్తుంది, తాండాలో దానికి ఆ చిన్న సెట్టే తోడు. సరే అన్నాను. ఎందుకన్నానో దాచకుండా చెబుతాను. ఒక రోజు సంతోషంగా తిప్పితే మనసు మెత్తబడుతుందని నా లెక్క.

పొద్దున ఆరింటికి ఆటోలో పటాన్‌చెరు, అక్కడి నుంచి జహీరాబాద్ ఆర్టీసీ బస్సు. అప్పటికి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం రాలేదు, అందరికీ టికెట్లు కొన్నాం. మా ఆయన నైట్ డ్యూటీ దిగి అట్లే బస్సెక్కాడు, సంగారెడ్డి రాకముందే గురక. బయలుదేరే ముందు ఇంట్లో చిన్న గొడవ. యాడి అద్దాల పేటియా, కాంచళి వేసుకుని, దంతం గాజులు తొడుక్కుని తయారైంది. మా బిడ్డ చెవిలో చెప్పింది, "అమ్మా, నానీని చీర కట్టుకోమను. బస్సులో అందరూ చూస్తరు." నేను బిడ్డను తిట్టలేదు. తిట్టే హక్కు నాకు లేదు. నేను టీటీసీ చదివేటప్పుడు యాడి నన్ను చూడ్డానికి కాలేజీకి వస్తే, గేటు దగ్గరే మాట్లాడి పంపించాను. లోపలికి రమ్మనలేదు. యాడి మాత్రం బిడ్డ మాట విననట్టే ఉండి కిటికీ సీటు పట్టుకుంది.

ఈ జాతర సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం. పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ 1983 నుంచి పనిచేస్తోంది. జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల సంఘాలు. ఎక్కువమంది దళిత మహిళలు, కుంటలూ గుంటలూ తప్ప పెద్ద భూములు లేనివాళ్లు. ఎకరం అరెకరం బీడులో పది ఇరవై రకాలు కలిపి వేసి, వాటి విత్తనం కాపాడుకుంటూ వస్తున్నారు. ఆ విత్తనాలను ఎడ్లబండ్ల మీద పెట్టుకుని, సంక్రాంతి నాడు మొదలుపెట్టి నెల రోజులు ఊరూరా తిరుగుతారు. ఏ ఊరికి పోతే ఆ ఊరివాళ్లు డప్పులతో ఎదురొస్తారు. పాటలు, మాటలు, ఏ పంట ఎట్లా ఉంది, ఏ పంట పోయింది అని చర్చ. ఫిబ్రవరిలో మాచునూరులో ముగింపు. పాతికేళ్లకు దగ్గరగా నడుస్తున్న పని ఇది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. మనం జహీరాబాద్ అంటే ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, చెరుకు ఫ్యాక్టరీ అంటాం. ఇదీ ఆ జహీరాబాదే.

జహీరాబాద్‌లో తమ్ముడు బండి మీద వచ్చి కలిశాడు. ఆటో మాట్లాడుకుని మాచునూరు చేరేసరికి పది దాటింది. మావాడికి నిరాశ. జాతర అంటే రంగులరాట్నం, ఐస్‌క్రీం, బొమ్మ తుపాకులు అనుకున్నాడు. దిగగానే "ఏవీ?" అన్నాడు. ముందర ఉన్నది వరుసగా నిలబెట్టిన ఎడ్లబండ్లు. మామిడాకులు, బంతిపూలు, జొన్న కంకులు కట్టారు. ఎద్దుల కొమ్ములకు రంగులు. బండి మీద రంగులేసిన కుండలు, ఈత బుట్టలు, వాటినిండా గింజలు. అంతే. మావాడు ముఖం మాడ్చుకున్నాడు.

యాడి బండ్ల దగ్గర ఆగిపోయింది. గింజల సంగతి తర్వాత, ముందు ఎద్దుల్ని చూసింది. ఒక ఎద్దు గంగడోలు నిమిరి, వాళ్ల తాత చెప్పిన మాటలు చెప్పడం మొదలుపెట్టింది. తమ్ముళ్లూ, మీరు లదేణి అనే మాట విన్నారా? మన గోర్ జాతి ఇల్లూ వాకిలీ తాండాలో కట్టుకోకముందు చేసిన పని అది. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కన్ అంతా తిరగడం. రాజుల సైన్యాలకు తిండి మోసింది మన ఎడ్లే. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ బతుకు పోయింది. బతుకు పోయినవాళ్ల మీద 1871లో తెచ్చిన నేరస్త జాతుల చట్టం ముద్ర కూడా పడింది, కొన్ని ప్రాంతాల్లో. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం పోలేదు. ఇవన్నీ నేను టీటీసీలోనూ చదవలేదు, డిగ్రీలోనూ చదవలేదు. మా యాడికి చట్టం పేరు తెలియదు గానీ, గింజలు మోసే ఎద్దుకు ఎంత బరువు వేయాలో, వాన వస్తే గోనెలు ఎట్లా కప్పాలో తెలుసు. ఆ ఎద్దు పక్కన నిలబడి మా పిల్లలకు చెబుతుంటే బండి తోలే ఆయన కూడా విన్నాడు.

ఇక గింజలు. తెల్ల జొన్న, పచ్చ జొన్న, ఎర్ర జొన్న. సజ్జలు, కొర్రలు, సామలు, తైదలు, అరికలు. కందుల్లోనే ఎన్ని రంగులో. పెసర్లు, మినుములు, ఉలవలు, అనుములు, బొబ్బర్లు. కుసుమలు, అవిసెలు, గడ్డినువ్వులు, పుంటికూర గింజలు. ఒక అమ్మ మావాణ్ణి పిలిచి చేతిలో జొన్న కంకి పెట్టింది. పొట్టు తీసి చూడమంది. ఒక్క పొట్టులో రెండు గింజలు, ఒకదానికొకటి అతుక్కుని. "గిది అత్తకోడళ్ల జొన్న. ఒక్కింట్ల ఇద్దరు" అంది. మావాడు గింజలు చూసి, నన్ను చూసి, "అమ్మా, మన ఇంట్లో అయితే పొట్టు పగిలిపోతది" అన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు, అమ్మ గుర్తొచ్చి ఉంటుంది. ఆ తర్వాత వాడు రంగులరాట్నం మాట ఎత్తలేదు. ప్రతి కుండ దగ్గరా ఆగి పేర్లు అడిగాడు, ఎడమ చేతి మీద పెన్నుతో రాసుకున్నాడు.

నేను టీచర్ని కదా, ఎట్లా పండిస్తారో అడిగాను. ఒకే చెలకలో జొన్న, కంది, పెసర, బొబ్బర, పుంటి కలిపి వేస్తారు. ఒకటి ముందు కోతకొస్తుంది, ఒకటి వెనక. వాన ముందు పడి ఆగినా, ఆలస్యంగా పడినా, ఏదో ఒకటి చేతికొస్తుంది. పప్పు జాతి మొక్కల వేర్ల వల్ల నేలకు బలం. చలికాలంలో నల్లరేగళ్లలో వేసే తెల్లజొన్న, కుసుమ, శనగ లాంటివి నీళ్లు పెట్టకుండానే, నేలలో ఉన్న తడితో, మంచుతో పండుతాయి. వాటిని వాళ్లు సత్యం పంటలు అంటారు. నాకు ఆ పేరు చాలా నచ్చింది. మన పటాన్‌చెరు ఇక్రిసాట్ 1972 నుంచి ఉంది, జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద పరిశోధన. అక్కడి జీన్ బ్యాంకులో లక్షకు పైగా విత్తన రకాలు చల్లటి గదుల్లో దాచారు, కొన్నింటిని సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన. అది కావాల్సిన పనే. కానీ చల్లటి గదిలో విత్తనం ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. చేనులో ఏటేటా వేసిన విత్తనం ఆ ఏటి ఎండను, ఆ ఏటి పురుగును చూస్తూ మారుతుంది. రెండూ కావాలి. మన దగ్గర నుంచి ఇక్రిసాట్ అంత దగ్గర, మాచునూరు ఇంత దగ్గర, మనకు రెండూ తెలియవు.

ఒకచోట చీర కట్టుకుని, కొంగు నడుముకు చెక్కుకుని, ఒకామె పెద్ద వీడియో కెమెరా భుజాన పెట్టుకుని తీస్తోంది. మా బిడ్డ ఆమెను చూసి, టీవీ వాళ్లు అనుకుంది. కాదు, ఆ సంఘం ఆమే. బడి మొహం చూడని ఆడవాళ్లు కెమెరా నేర్చుకుని తమ పంటల మీద తామే సినిమాలు తీస్తున్నారు. రేడియో కూడా అంతే, 2008లో మొదలైన సంఘం రేడియోను నడిపేది వాళ్లలోని ఆడపిల్లలే. ఆ కెమెరా ఆమె వచ్చి మా యాడి పేటియా అద్దాల మీద వేలు పెట్టి, "ఎంత మంచిగున్నది, నువ్వే కుట్టినవా అవ్వా?" అని అడిగింది. కుట్టడం ఎట్లాగో యాడి చేతులు తిప్పి చూపిస్తే, ఆ చేతుల్నే చాలాసేపు తీసింది. మా బిడ్డ పక్కకు జరిగిపోయింది. కాసేపటికి మళ్లీ వచ్చి నానీ పక్కన నిలబడింది. ఎందుకు జరిగిందో, ఎందుకు వచ్చిందో నేను అడగలేదు.

మధ్యాహ్నం తిండి అక్కడే. జొన్న రొట్టె, పుంటికూర పప్పు, కొర్రన్నం, ఏదో చేను గట్టున దొరికే ఆకుకూర. అందరం నేల మీద వరుసగా కూర్చున్నాం. ఇక్కడ ఒక మాట అనాలి, మీకు నచ్చకపోయినా సరే. యాడి కూర్చున్న వరుసలో అటూ ఇటూ దళిత మహిళలు. మా చిన్నప్పుడు తాండాలో వాళ్ల చేతి నీళ్లు తాగేవాళ్లు కాదు. ఊరివాళ్లు మనల్ని ఎంత దూరం పెట్టారో మనం చెప్పుకుంటాం, మనం ఎవర్ని దూరం పెట్టామో చెప్పుకోం. యాడి ఒక్క క్షణం ఆగడం నేను చూశాను. తర్వాత కూర్చుంది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, పక్కనున్న ముసలమ్మతో "పిండి మంచిగ కలిపిండ్రు" అంది. ఇద్దరికీ అదే సంభాషణ మొదలు. తర్వాత గంటన్నర వాళ్లిద్దరూ లేవలేదు.

రొట్టె తింటుంటే నాకు నా తప్పు ఒకటి గుర్తొచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు ఒక సంక్రాంతి సెలవుల తర్వాత మా హాస్టల్‌కు ఎనిమిదో తరగతి పిల్ల గుడ్డలో కట్టుకుని జొన్న రొట్టెలు తెచ్చుకుంది. మిగతా పిల్లలు నవ్వారు. నేను నవ్వినవాళ్లను ఏమీ అనలేదు. బయటి తిండి లోపలికి తేవొద్దు అని రూల్ ఉంది, ఆ రూల్ ఆ పిల్లకు చెప్పాను. ఆ పిల్ల మళ్లీ తేలేదు. ఆ ఏడాదే డాక్టర్ వచ్చి రక్తం పరీక్షలు చేస్తే చాలామందికి రక్తం తక్కువ అని వచ్చింది, ఆ పిల్లకు కాస్త నయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూసినా అంతే, మన రాష్ట్రంలో సగం కంటే ఎక్కువమంది ఆడవాళ్లకు రక్తహీనత. ఇది ఒక్క రొట్టెతో తీరేది కాదు, తెలుసు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు మా ఇంట్లో పండుగ చేసుకున్నారని యాడి చెబుతుంది. ఆకలి తీర్చిన బియ్యాన్ని నేను తిట్టను. కానీ జొన్న తినేవాళ్లు బీదవాళ్లు, అన్నం తినేవాళ్లు ఉన్నవాళ్లు అనే మాట ఎట్లా పుట్టిందో, దాన్ని నేనే నా హాస్టల్లో ఎట్లా నిలబెట్టానో ఆ రోజు తెలిసింది. తర్వాత నేను వారానికి ఒక రోజు రొట్టె పెడదామంటే మా వంటమ్మ "నూటిరవై మందికి చేతితో కొట్టాలె, నా వల్ల కాదు మేడం" అంది. ఆమె చెప్పింది న్యాయమే. ఇప్పుడు జొన్న గుగ్గిళ్లు సాయంత్రం పూట పెడుతున్నాం. సగం మంది తింటారు. రొట్టె తెచ్చుకున్నవాళ్ల మూట మాత్రం నేను విప్పను.

అసలు సంగతి ఇప్పుడు. భోజనం అయ్యాక యాడి లేచి పచ్చజొన్న కుండ దగ్గరికి పోయింది. చేతిలో పోసుకుంది, వాసన చూసింది, ఒక గింజ కొరికింది. కొత్తగా వచ్చిన చూపుతో చాలాసేపు చూసింది. తర్వాత నడుముకున్న సంచి నుంచి వంద నోటు తీసి, "నాకు మానెడు కావాలె" అంది. ఇందాక పక్కన తిన్న ముసలమ్మే నోటు వెనక్కి తోసింది. "ఇత్తనం పైసలకు అమ్మం. తీస్కపో. వచ్చే జాతరకు రెండు మానెలు తెచ్చియ్యాలె."

యాడి నోటు మడతపెట్టుకుంది. ఆమె అడిగింది, "నీ దగ్గర ఉండకపోవుడేంది? తాండోల్లది మంచి జొన్న కదా. ఎట్ల పోగొట్టుకున్నవ్?"

యాడి చాలా మామూలుగా చెప్పింది. "కరువుల పోయింది. పిల్ల సదువుతుండె. పట్నంల ఉండాలె, పుస్తకాలు కొనాలె. తినేయి అమ్మిన, సరిపోలె. ఇత్తనం గూడ అమ్మిన."

2002. ఆ ఏడు వానలు లేవు, దేశమంతా కరువు. నేను టీటీసీలో ఉన్నాను. యాడి డబ్బు పంపింది. మేకను అమ్మానని చెప్పించింది. ఆ తర్వాత ఏడు విత్తనానికి షాపుకు పోయారు, షాపు ఇచ్చింది వేశారు. రెండేళ్లకు పత్తి వచ్చింది. మా ఇంట్లో పచ్చజొన్న ఎందుకు ఆగిపోయిందో ఇరవై ఏళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదు. కాలం మారింది అనుకున్నాను. వ్యవసాయ పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు అట్లాగే చెప్పాను కూడా.

ముసలమ్మ నన్ను చూసింది. "గీ పిల్లనేనా?" అంది. యాడి తలూపింది. "మంచిగ సదివింది" అంది. నేను అక్కడ నిలబడలేకపోయాను. ఎద్దుల దగ్గరికి పోయి కాసేపు ఉన్నాను.

తిరిగి వచ్చేసరికి అసలు ప్రశ్న నడుస్తోంది. మానె ఇచ్చేముందు ముసలమ్మ అడుగుతోంది, "ఏడ జల్లుతవ్? చెలకేనా, రేగడా? ఎంత ఉన్నది?" విత్తనం ఎవరికిస్తే ఏ నేలకు పోతుందో తెలుసుకోనిదే ఇవ్వరు వాళ్లు. యాడి "చెలక. రెండెకరాలు" అంది. అని మా తమ్ముడి ముఖం చూడలేదు, నా ముఖం చూడలేదు. తమ్ముడు బండి తాళం చెవి వేలికి తిప్పుతూ నిలబడ్డాడు. తాళం చెవి ఆగింది. వాడు గానీ నేను గానీ "అమ్మేస్తున్నాం కదా" అనొచ్చు. ఇద్దరం అనలేదు. ముసలమ్మ మానె నింపి, పైన ఇంకో గుప్పెడు వేసి, యాడి కొంగులో పోసింది. పురుగు పట్టకుండా బూడిద కలిపి, వేపాకు వేసి పెట్టమంది. "నాకు తెల్వదా" అంది యాడి, కొంచెం కోపంగానే.

ఆ జాతర అయిన నెల రోజులకే, మార్చి 19న, ఆ సంస్థను మొదటినుంచి నడిపిన పి.వి. సతీష్ గారు చనిపోయారని పేపర్లో చూశాను. దూరదర్శన్‌లో పనిచేసి, ఆ కొలువు వదిలి ఈ ఊళ్లకు వచ్చిన మనిషి. నేను ఆయనతో మాట్లాడలేదు. ఆ పేపర్ ముక్క మా ఇంట్లో ఉంది.

మీరంతా ఇప్పుడు భూమి అమ్మలేదు అంటాననుకుంటారు. అమ్మాం. ఆ ఎండాకాలం ఒక ఎకరం అమ్మాం. తమ్ముడి అప్పు అప్పే, దాన్ని పాటలు పాడి తీర్చలేం. అందులో నా వాటా నేను తీసుకున్నాను, బిడ్డను నర్సింగ్‌లో చేర్పించాను. రెండో ఎకరం ఉంచుదామని తమ్ముడే అన్నాడు. యాడి ఆ కాగితాల మీద వేలిముద్ర వేసిన రోజు, ఇంకు తుడుచుకోకుండా చెలక చూసి వస్తానని పోయింది.

2023లో వాన ఆలస్యం. జూన్ చివర పడింది. పది గుంటల్లో పచ్చజొన్న, మధ్యలో కంది, పెసర వేశారు. మిగిలిన దాంట్లో తమ్ముడు పత్తే వేశాడు, వాడి నమ్మకం వాడిది. జూలైలో విపరీతమైన వాన, ఆగస్టులో చుక్క లేదు. పెసర పోయింది. జొన్న నిలబడింది. పాలు పోసుకున్నాక చిలకలు, పిచ్చుకలు పట్టాయి. చుట్టుపక్కల ఎక్కడా జొన్న లేదు కదా, ఊళ్లో పిట్టలన్నీ ఆ పది గుంటల మీదికే వచ్చాయి. యాడి మంచె వేయించుకుని డబ్బా కొట్టింది. మావాడు దసరా సెలవులకు పోయి వడిసెల తిప్పడం నేర్చుకుని వచ్చాడు, కొల్లూరులో తిప్పి పక్కింటి కిటికీ అద్దం పగలగొట్టాడు, అది వేరే సంగతి. చివరికి చేతికొచ్చింది అరవై కిలోలు దాటలేదు. కంది కొంచెం. యాడి ముందు మంచి కంకులు ఏరి విడిగా కట్టి వాసానికి వేలాడదీసింది. మిగతావి దంచారు. సంక్రాంతికి మేము పోతే ఆ పిండితో బాటి చేసి పెట్టింది. మా బిడ్డ ఒకటి తిని, రెండోది సగం తిని, చపాతీ అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

అక్కాచెల్లెళ్లూ, మీ ముందున్న బుట్టల్లో తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచిన గోధుమ మొలకలున్నాయి. రేపు వాటిని నీళ్లలో కలుపుతారు. ఈసారి గోధుమలు ఎక్కడ తెచ్చారు? ఇందాక అడిగితే సూపర్‌మార్కెట్‌లో కిలో ప్యాకెట్ అన్నారు. సగం మొలవలేదన్నారు. నేను తప్పు పట్టడం లేదు, కొల్లూరులో ఇంకెక్కడ దొరుకుతాయి? కానీ మా యాడి వయసువాళ్లకు ఏ ఇంటి గోధుమ మొలుస్తుందో తెలుసు, తీజ్ వాళ్లకు ఆ పరీక్ష కూడా. మొలవని విత్తనం తీజ్ బుట్టలోనే బయటపడేది, చేనులో కాదు. ఆషాఢంలో సీత్లా పండుగకు పశువుల మీద చల్లే గుగ్గిళ్లు ఏ జొన్నవి? మీ నానీని, దాదీని అడిగితే పేరు చెబుతుంది. ఇప్పుడు అడిగితే చెబుతుంది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో బాకీ తీర్చాల్సి వచ్చింది. రెండు మానెలు, అంటే అడ్డెడు. యాడికి మోకాళ్ల నొప్పి, బస్సెక్కే పరిస్థితి లేదు, కొల్లూరులో మా ఇంట్లోనే ఉంది. నాకు హాస్టల్‌లో తనిఖీ, సెలవు దొరకలేదు. మా బిడ్డ పోతానంది. కాలేజీకి ఒక రోజు సెలవు పెట్టి, మామతో బండి మీద పోయింది. యాడి అడ్డెడు కొలిచి, పైన రెండు గుప్పెళ్లు వేసి, పాత పేటియా నుంచి కత్తిరించిన అద్దాల గుడ్డలో మూట కట్టి ఇచ్చింది.

మధ్యాహ్నం బిడ్డ ఫోన్ చేసింది. ముసలమ్మ కనిపించిందంట, మూట విప్పి గింజ కొరికి చూసి, "గదే జొన్న" అన్నదంట. గుడ్డ మాత్రం తిరిగి ఇవ్వలేదంట. కెమెరా ఆమె వచ్చి, "దీన్ని మీ తాండా భాషల ఏమంటరు బిడ్డా?" అని అడిగింది. మా బిడ్డకు తెలియదు. తమ్ముణ్ణి అడిగితే వాడు "జొన్నే" అన్నాడు. అందుకే ఫోన్. నేను చెప్పబోయాను, నాకూ సరిగా నోటికి రాలేదు. యాడికి ఇచ్చాను. మాచునూరు దూరమని, అక్కడ డప్పులు మోగుతున్నాయని, యాడి ఆ పేరును ఫోన్లో ఎంత గట్టిగా చెప్పిందంటే, పక్కింటివాళ్లు ఏమైందోనని తలుపు తీసుకుని బయటికొచ్చారు. బిడ్డ రెండుసార్లు చెప్పించుకుంది. మూడోసారి తనే అంది, యాడి "కాదు" అని, మళ్లీ చెప్పింది.